పెడలు మీది కాలు

మా పెరటిలోని వేపచెట్టు క్రింద 1978వ సంవత్సరపు ప్రీమియర్ పద్మిని మోటారు బండి యొకటి కలదు. అది మా మామగారిది. ఆయన దానిని కొన్న నాటినుండి కొడుకులను గాని డ్రైవరులను గాని ముట్టనీయక తామే నడుపుకొనిరి. 2019లో ఆయన పరమపదించిన పిదప పంపకములు జరిగినప్పుడు ఇల్లును పొలమును కొడుకులకు పోగా, ఎవరికిని అక్కరలేని యీ పాతబండి కూతురి వాటాకు వచ్చినది. కూతురి వాటాకు వచ్చినదని పేరే గాని, నిజమునకు వచ్చినది నా పేరిట. మా పెద్ద బావమరది తాళపుచెవి నా చేతిలో పెట్టెను. రిజిస్ట్రేషను కాగితము నా పేరునకు మారెను. నా భార్య ప్రక్కనే కాఫీ గ్లాసుల పళ్లెము పట్టుకొని నిలిచియుండెను. ఆమెను ఎవరును అడుగలేదు. నేనును అడుగలేదు. పిత్రార్జితమున ఆడుబిడ్డకు సమభాగమని మన రాష్ట్రమున 1986లోనే శాసనము పుట్టినది. తాళపుచెవులకు మాత్రము ఆ శాసనము నేటికిని తెలియవచ్చినట్లు లేదు.

బండి పేరు పద్మిని. 1964నుండి ఫియట్ 1100 డి అను పేరుతో బొంబాయి కుర్లాలో తయారగుచుండిన బండికే 1974లో ఈ పేరు పెట్టిరి. పేరు స్త్రీది, నడుపుట పురుషధర్మము. నా భార్య ఆ బండి వెనుక సీటులో ఇరువది యేండ్లు పెరిగినది గాని ముందరి కుడివైపు సీటులో ఒక్కనాడును కూర్చుండి యెరుగదు.

నేను పాఠశాలలో తెలుగు చెప్పుకొనువాడను. విజయనగరమున సంస్కృతము చదివి, పిమ్మట ఇంగ్లీషు పరీక్షలు కూడ ఇచ్చితిని. చేతితో చేయు పని మాత్రము నాకు చిన్ననాట ఎవరును నేర్పలేదు. నేర్పకపోవుటయే మా యింట మర్యాద. నలుబది దాటిన తరువాత, మేకు కొట్టుటకు కూడ మనిషిని పిలువవలసిన నా విద్యను చూచి నాకే సిగ్గు కలిగి, ఈ బండిని నా చేతులతో బాగుచేసికొందునని పంతము పట్టితిని. మిత్రులు ముందుగా రంగు వేయింపుమనిరి. కొందరు ఇంజను మార్చుమనిరి. బండి పోవుట కంటె ఆగుట ముఖ్యమని నేను వాదించి, మొదట సస్పెన్షను, బ్రేకులు చేయుటకు నిశ్చయించుకొంటిని. ఆ మాత్రపు వివేకము నాకు కలిగినందుకు చాల గర్వించితిని. ఆ గర్వము ఎంత దూరము తీసికొనిపోయినదో చెప్పుటకే యిది వ్రాయుచున్నాను.

పాండిత్యము ఊరకుండునా? బ్రేకునకు నిరోధకమనియు, సస్పెన్షనునకు ఆలంబనమనియు, షాక్ అబ్జార్బరునకు ఆఘాతహారిణి యనియు పేర్లు కల్పించి, కొనవలసిన సామానుల జాబితా ఒక నోటుపుస్తకమున వ్రాసికొని మా యూరి మేస్త్రీ వద్దకు పోయితిని. ఆయన దానిని రెండుమారులు చదివి, "మాష్టారూ, ఇవి ఏ షాపులో దొరుకుతాయండీ?" అని వినయముగా అడిగెను. నాటితో నిఘంటు రచన మానితిని. కమాను పట్టీలు, షాకులు, లైనర్లు, బుష్షులు, పానాలు అను మాటలు నలుగురి నోట నలిగి నునుపెక్కిన మాటలు. వానిని త్రోసిరాజని క్రొత్త మాటలు పుట్టించుట, నడచుచున్న బండిని నిలిపి పల్లకిలో కూర్చుండబెట్టుట వంటిది.

పద్మిని వెనుక చక్రముల ఇరుసు ఉక్కు పట్టీల దొంతరపై నిలిచియుండును. అదియే కమాను. గోతిలో పడినప్పుడు ఆ పట్టీలు వంగి, ఒకదానిపై నొకటి రాచుకొనుచు మరల లేచును. మా బండి పట్టీల నడుమ త్రుప్పు పేరుకొని అవి యన్నియు ఒకే దిమ్మెగా బిగిసిపోయినవి. వానిని విప్పి, ఒక్కొక్క పట్టీని ఇనుప బ్రష్షుతో తోమి, గ్రీజు పూసి, కొనల యందలి రబ్బరు బుష్షులు మార్చుటకు నాలుగు ఆదివారములు పట్టినవి. ఇంకొక పట్టీ అదనముగా వేసి బండిని ఎత్తు చేయుమని ఒక మిత్రుడు చెప్పెను. బియ్యపు బస్తాలు మోయు బండికి అది తగును. నలుగురు మనుష్యులు కూర్చుండు బండికి అట్లు చేసినచో కమాను వంగుట మాని, ఆ దెబ్బలను వీపులకు చేరవేయును.

ముందు చక్రములకు కమాను లేదు. చుట్టల స్ప్రింగులు కలవు. అణచిపెట్టిన స్ప్రింగు పట్టు తప్పినచో మనిషిని చంపగలదు. పుస్తకము చూచి నేను దానికి కూడ సిద్ధపడగా మేస్త్రీ నా చేతిలోని పానా లాగికొని, తన బిగింపు పరికరము తెచ్చి, స్ప్రింగులను తానే దించి క్రొత్తవి యెక్కించెను. ఇంట చేయదగిన పనికిని చేయరాని పనికిని నడుమ గీత ఎచ్చట నుండునో నాకు ఆ దినమున తెలిసినది.

షాకుల సంగతి వేరు. స్ప్రింగు ఒకసారి వంగెనేని తనంతట తాను ఆగదు, ఊగుచునే యుండును. ఆ ఊపును నూనెలో ముంచి చంపుటయే షాకు చేయు పని. బండి మూలను బలముగా క్రిందికి నొక్కి వదలి చూడవలెను. ఒకమారు లేచి నిలిచినచో షాకు బ్రదికియున్నది. మా బండి పెండ్లికొడుకు పల్లకివలె నాలుగు మారులు ఊగెను. పాతవి తీసివేసి, నత్రజని వాయువు నింపిన క్రొత్తరకపు షాకులు వేసితిమి. ఆ వాయువు ఒత్తిడివలన లోపలి నూనె గతుకుల దారిలో నురుగెత్తదు. ఆ సాయంకాలము స్టేషను రోడ్డులోని గోతులమీద బండి నడిపినప్పుడు కలిగిన ఆనందమును నేను వర్ణింపను. మా అమ్మాయి వెనుక సీటులో గ్లాసుతో మజ్జిగ త్రాగినది, ఒలుకలేదు.

ఇక బ్రేకులు. పెడలును తొక్కగా మాస్టర్ సిలిండరులోని పిస్టను నూనెను నెట్టును. ఆ ఒత్తిడి గొట్టములవెంట నాలుగు చక్రములకును సమానముగా పోవును. పదునేడవ శతాబ్దమునాటి ఫ్రెంచి పండితుడు పాస్కల్ చెప్పిన సూత్రమే యిది. చక్రము వద్ద ఆ నూనె బ్రేకు షూలను తెరచి డ్రమ్ముకు ఒత్తును. గొట్టములో నూనె బదులు గాలి బుడగ యున్నచో, తొక్కిన బలమంతయు బుడగను నొక్కుటకే పోయి పెడలు దూదివలె మెత్తబడును. నూనె మార్చినప్పుడెల్ల ఆ గాలిని తీసివేయవలెను.

వీల్ సిలిండర్లు నాలుగును, రబ్బరు హోసులును, లైనర్లును క్రొత్తవి వేసితిని. మాస్టర్ సిలిండరు మాత్రము పైకి కారుట లేదు గనుక పాతదే యుంచితిని. ఇది నా మొదటి తప్పు.

గాలి తీయుట ఒక్కరి వలన అగు పని కాదు. ఒకరు లోపల కూర్చుండి పెడలు తొక్కి పట్టవలెను. ఒకరు చక్రము వద్ద పండుకొని స్క్రూ వదులుచేసి, నూనెతోపాటు బుడగలు సీసాలోనికి పోయిన పిమ్మట బిగింపవలెను. బిగించిన తరువాతనే పెడలు వదలవలెను. మాస్టర్ సిలిండరునకు దూరమైన ఎడమ వెనుక చక్రముతో మొదలిడవలెను. ఇంట వేరెవ్వరు లేకపోవుటచే నా భార్యను పిలిచితిని. ఆమె వంటింటినుండి చేతులు తుడుచుకొనుచు వచ్చి, తండ్రి సీటులో మొదటిసారి కూర్చుండెను. ఆమె ఒక్క క్షణము స్టీరింగుపై చేయి వేసి తీసివేసినది. అప్పుడు నాకది పట్టలేదు. నా దృష్టి సీసామీద నుండెను.

"నొక్కు."

"నొక్కేను."

"పట్టుకో. నేల అంటేదాకా తొక్కు."

"అంటింది."

"వదులు."

ఇట్లు రెండు గంటలు జరిగినది. నడుమ నేను డబ్బా వంచగా నూనె చుక్క బానెట్టుపై పడినది. ఆమె దిగివచ్చి చెంబుతో నీళ్లు పోసి కడిగి, "నాన్నగారు ఈ నూనె రంగును తినేస్తుందనేవారు" అని మరల పోయి కూర్చుండెను. వెనుక సీటులో ఇరువది యేండ్లు ఊరక కూర్చుండలేదన్నమాట.

నాలుగు చక్రములును రెండవ విడత ముగియుచుండగా ఆమె, "ఏమండీ, పెడలు గట్టిగానే తగులుతోంది. కానీ అలాగే పట్టుకుంటే మెల్లగా కిందకి దిగుతోంది. ఇందాక ఇలా లేదు" అనెను. ఎచ్చటనైన కారుచున్నదేమో యని చూచితిని, చుక్క లేదు. పుస్తకము తెరచితిని. పెడలు మెత్తగా నుండుట గాలికి గుర్తని యున్నది. గాలి మిగిలినదని తేల్చి మూడవమారు తీసితిని. ఆమె మరల అదే చెప్పెను. "నీకు అలవాటు లేదు. కాలు బిగబట్టలేక నువ్వే వదిలేస్తున్నావు" అంటిని. ఆమె మాటాడలేదు. నేనే యెక్కి ఒక్కమారు బలముగా తొక్కి చూచితిని, రాయివలె నుండెను. చూచితివా, అన్నట్లు ఆమె వంక చూచితిని.

ఆ చూపు నాకు నేటికిని జ్ఞాపకమున్నది. తరగతిలో పిల్లవాడు సరియైన ప్రశ్న వేసినప్పుడు, జవాబు తెలియని ఉపాధ్యాయుడు చూచు చూపు అది. నేను పదునెనిమిది యేండ్లుగా ఎరిగినదే.

రెండు వారములు ఊరిలో నడిపితిని. ఏ లోపమును కనబడలేదు. ఊరిలో బ్రేకు ఒక్కమారు గట్టిగా తొక్కి వదలుదుము గదా. మూడవ ఆదివారము సింహాచలము పోయితిమి. దర్శనము చేసికొని, ఘాటురోడ్డున రెండవ గేరులో దిగుచుంటిమి. ఒక మలుపు దాటగనే యెదుట బస్సు నిలిచియున్నది. దాని వెనుక మెల్లగా ఆపి, వాలు గనుక పెడలుమీద తేలికగా కాలుంచితిని. బండి ఆగినది. ఆగి, మరల కదలినది. నా కాలు నేను తొక్కకయే లోపలికి పోవుచున్నది. బస్సు వెనుకనుండి ఆరేడేండ్ల పిల్లవాడొకడు కొబ్బరిచిప్ప చేతపట్టుకొని అడ్డముగా దాటుచుండెను. పిండము గొంతులో అడ్డుపడినట్లయి నాకు నోట మాట రాలేదు; కాలిని ఇంకను అట్లే అదుముచుంటిని.

"దిగుతోంది కదూ! వదిలి మళ్ళీ తొక్కండి! చెయ్యిబ్రేకు!" అని నా భార్య అరచెను. ఆమె రోడ్డు చూడలేదట. నా మోకాలు ముందుకు సాగుట చూచినదట. వదలి, మరల తొక్కి, చెయ్యిబ్రేకు లాగితిని. అది తీగతో పనిచేయునది. నూనెతో దానికి నిమిత్తము లేదు. బండి బస్సునకు జానెడు దూరమున నిలిచినది. పిల్లవాడు మావైపు చూచి, కొబ్బరిముక్క కొరికికొనుచు పోయెను. వానికి ఏమియు తెలియదు.

బండిని ప్రక్కకు చేర్చి, చక్రములకు రాళ్లు పెట్టి, మేస్త్రీకి ఫోను చేసి, గోడమీద కూర్చుంటిమి. చాలసేపు ఎవరమును మాటాడలేదు. "నీవు చెప్పితివి" అని నేననవలసినది. అనలేదు. "ఎండగా ఉంది, నీళ్లు తాగుతావా" అంటిని.

మేస్త్రీ బండిని లాగించుకొనిపోయి, మరునాడు షెడ్డులో మమ్ము నిద్దరను నిలిపి అడిగిన మొదటి ప్రశ్న నన్ను కాదు. "గాలి తీసినప్పుడు పెడలు మీద ఎవరున్నారండీ?" అనెను. ఆమె యని చెప్పగా ఆమె వంక తిరిగి, "అమ్మా, ఎలా దిగింది? తొక్కగానే మెత్తగానా, పట్టుకున్నాకనా? మొదటినుంచీనా, తరువాతనా?" అని యడిగెను. ఆమె క్రమముగా చెప్పెను: మొదటి విడతలో లేదు, రెండవ విడత చివర మొదలైనది, గట్టిగా తొక్కినప్పుడు నిలుచును, తేలికగా పట్టినప్పుడు దిగును. ఆయన తల ఊపి మాస్టర్ సిలిండరు విప్పి, లోపలి గోడ చూపెను. పిస్టను నిత్యము తిరుగు మేర అద్దమువలె నున్నది. దానికి ఆవల, పెడలు ఎన్నడును నేలకంటని బండిలో పిస్టను పోనిచోట, త్రుప్పు గరకు కట్టినది. నేను నేలకంటునట్లు తొక్కుమన్నప్పుడెల్ల రబ్బరు వాషరు ఆ గరకుమీదికి పోయి చీలినది. చీలిన అంచు చుట్టును నూనె లోలోపలనే వెనుకకు జారును. కనుకనే వెలుపల చుక్క కనబడలేదు. గట్టిగా తొక్కినచో ఒత్తిడికి రబ్బరు గోడకు అంటుకొని నిలుచును. తేలికగా పట్టినచో జారును. అనగా ఆ లోపము బండిలో ముందు లేదు. ఆమె కాలితో నేనే చేయించితిని. చేయుచుండగనే ఆమె కాలు నాకు తెలియజేసినది. నేను పుస్తకము చూచుకొంటిని.

ఆ బ్రేకు నూనె గుణము కూడ మేస్త్రీయే చెప్పెను. అది గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ తేమయే లోపల త్రుప్పు పుట్టించును. డాట్ 3 రకపు క్రొత్త నూనె కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగరాదు. తేమ పట్టిన పిమ్మట 140 డిగ్రీలకే మరగవచ్చును. డాట్ 4 నకు ఆ యంకెలు 230, 155. ఘాటు దిగునప్పుడు డ్రమ్ములు కాలి, నూనె మరగి ఆవిరియైనచో, అదియు గాలి బుడగ వంటిదే. రెండేండ్ల కొకమారు నూనె మార్చవలెనట. మా మామగారు తుదిదినములలో ఎన్నేండ్లు మార్చలేదో.

ముందు చక్రములకు డిస్కు బ్రేకులు పెట్టుదమా యని అడిగితిని. 1953లో ఫ్రాన్సుదేశపు ల మాన్స్ పందెమున జాగ్వార్ బండి డిస్కులతోనే గెలిచినది; డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించినచో షూకు దూరమగును, డిస్కు ప్యాడునకు దగ్గరగును, గాలికి త్వరగా చల్లారును. కాని డిస్కులకు ఒత్తిడి ఎక్కువ కావలెను. పాదబలమునకు తోడు సర్వో కావలెను. ముందు వెనుకల బలము సరితూచవలెను, లేనిచో వెనుక చక్రములు ముందుగా బిగిసి బండి తిరుగును. ఆ తూనిక మా షెడ్డులో చేయుటకు తాను ఒప్పుకొనననెను. బదులుగా జంట మాస్టర్ సిలిండరు వేయుమనెను. పాత బండ్లలో నాలుగు చక్రములకును ఒకటే నూనెదారి. ఒక్క హోసు తెగినచో అన్నియు పోవును. జంట సిలిండరులో ముందు చక్రములకొక దారి, వెనుక చక్రములకొక దారి. ఒకటి పోయినను రెండవది బండిని ఆపును. అమెరికాలో 1968నుండియే క్రొత్త కార్లకు ఈ రెండు దారులు ఉండవలెనని నియమము కలదు. సగము బలమైనను మిగులుట, ఏమియు లేకుండుట, ఈ రెంటికి నడుమనున్న దూరము నేను జానెడుగా కొలిచి చూచినవాడను. వెంటనే ఒప్పుకొంటిని.

క్రొత్త సిలిండరు, క్రొత్త గొట్టములు, డాట్ 4 నూనె వచ్చిన ఆదివారము మరల గాలి తీయవలసి వచ్చినది. నా భార్య తానుగా పోయి పెడలు వద్ద కూర్చుండెను. ఈమారు పెడలు క్రింద చెక్కముక్క పెట్టితిమి, నేలకంటకుండ. అన్నియు అయిన పిమ్మట ఆమె నిమిషముపాటు కాలు కదపక తేలికగా పట్టి కూర్చుండెను. నేను లేచి కిటికీ వద్ద నిలిచితిని. "నిలిచింది" అనెను. అప్పుడు, నాలుగు వారములు ఆలస్యముగా, అనవలసిన మాట అంటిని. ఆమె నవ్వలేదు, కోపపడలేదు. "మీరు నా కాలిని నమ్మలేదు, సరే. ఆ పిల్లాడు రోజూ కల్లోకి వస్తున్నాడు" అనెను. నాకును వచ్చుచుండెనని నేను చెప్పలేదు, చెప్పవలసినదేమో.

తరువాత రవాణా కార్యాలయమునకు పోయి 29, 30 నెంబరు ఫారములు నింపి బండిని ఆమె పేరునకు మార్పించితిని. దానికి ఆమె యేమంత సంతోషింపలేదు. లెర్నరు లైసెన్సు వచ్చిన దినమున మాత్రము, మా అమ్మాయి అట్టముక్కమీద ఎర్ర రంగుతో వ్రాసిన ఎల్ అను అక్షరమును తానే అద్దమునకు అంటించెను.

ఇప్పుడు ప్రతి ఆదివారమును తెల్లవారుజామున ఊరి బయటి రోడ్డున ఆమె నడుపును. వేగము తక్కువ, కాని స్పీడుబ్రేకరు చాల దూరమున నుండగనే కాలు బ్రేకుమీదికి పోవును, బండి అలుకు లేకుండ నిలుచును. నేను ఎడమవైపు సీటులో కూర్చుందును. నేల మీద ఏమియు లేకున్నను, నా కుడికాలు అక్కడ లేని పెడలును తొక్కుచునే యుండును. ఆమె అది చూచుచునే యుండును, ఏమియు అనదు.